సరోజిని మార్కుల పట్టీ

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే రోడ్డు మీద, దుకాణాల హడావిడి మధ్య ఒక పాత ఇల్లుంది. పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. చీరలకనో, పిల్లల పుస్తకాలకనో ఆబిడ్స్ వెళ్ళే మనం ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు నడిచి ఉంటామో! లోపలికి తొంగి చూసినవాళ్ళం మాత్రం తక్కువే. అది సరోజినీ నాయుడు పుట్టింటివారి ఇల్లు. 1905లో లండనులో అచ్చయిన ఆమె కవితల పుస్తకం పేరే ఇంటికీ వచ్చింది. 1974లో హైదరాబాదు యూనివర్సిటీ పుట్టినప్పుడు మొదటి కాపురం కూడా ఈ ఇంట్లోనే పెట్టింది.

అదే నాంపల్లిలో హజ్ హౌస్ ఉంది. విదేశాల్లో పై చదువులకు వెళ్ళే మైనారిటీ పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు వ్యవహారాలు నడిచేది అక్కడే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో దళిత విద్యార్థుల కోసం అంబేద్కర్ పేరిట విదేశీ విద్యానిధి పెట్టారు. తెలంగాణ వచ్చాక 2015లో మైనారిటీలకూ, ఆ తర్వాత వెనుకబడిన తరగతులకూ అలాంటి పథకాలే వచ్చాయి. మొదట పది లక్షలుండేది, తర్వాత ఇరవై లక్షలు చేశారు. ఆ డబ్బు ఒక్కసారిగా చేతికి రాదు. పిల్లవాడు ఆ దేశంలో కాలు పెట్టినట్టు కాగితం చూపిస్తే సగం. మొదటి సెమిస్టరు పరీక్షల ఫలితం చూపిస్తే మిగతా సగం.

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి తమ్ముడు ఇలాగే వెళ్ళాడు. "వాడక్కడ పరీక్షలు రాస్తుంటే జ్వరం ఇక్కడ మా అమ్మకు వస్తోంది పిన్నిగారూ" అంది ఓ రోజు పెరట్లో బట్టలారేస్తూ. "ఫీజు కట్టేదేమో ముందు, డబ్బొచ్చేదేమో మార్కులొచ్చాక. ఈ లోపల వడ్డీకి తేవాల్సిందేగా! ఒక్క పేపరు పోయిందంటే ఏం చేస్తాం చెప్పండి?"

ఆ మాట వింటున్నప్పుడే నాకు ఆ పాత ఇంటి పిల్ల గుర్తొచ్చింది. ఆమె కూడా సర్కారు డబ్బుతో సముద్రం దాటినదే. ఈ లెక్కన ఆమెకు రెండో సగం అంది ఉండేదా?

సరోజిని తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయగారు బెంగాలీ. ఆయన కూడా స్కాలర్‌షిప్పు మీద పైకొచ్చినవారే. గిల్‌క్రిస్టు స్కాలర్‌షిప్పు సంపాదించి ఎడింబరో వెళ్ళి, 1877లో సైన్సులో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత హైదరాబాదు వచ్చి, నిజాం కాలేజీకి పునాది వేశారు. చాందా రైలు మార్గం ఒప్పందాన్ని వ్యతిరేకించినందుకు 1883లో నిజాం ప్రభుత్వం ఆయన్ని ఊరు వదిలి పొమ్మంది. మళ్ళీ పిలిపించుకుంది కూడా. అలా వెళ్ళగొట్టిన మనిషి కూతురికే పన్నెండేళ్ళ తర్వాత ఆ ప్రభుత్వమే ఖజానా తెరిచింది. పాతకాలపు దర్బారు పద్ధతులు అంత సులువుగా అర్థం కావు.

సరోజిని పన్నెండో ఏట మద్రాసు మెట్రిక్యులేషను గట్టెక్కింది. రాజధాని అంతటికీ మొదటి స్థానమని దేశమంతా పేరు మోగింది. మెహెర్ మునీర్ అనే నాటకం రాస్తే, అది చూసి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి స్కాలర్‌షిప్పు ఇచ్చాడని చెప్పుకుంటారు. ఏడాదికి మూడు వందల పౌన్లు, ఓడ ఖర్చులు పైన. 1895లో, పదహారేళ్ళకే ఆమె ఇంగ్లండు ఓడ ఎక్కింది.

ఇదంతా చదువు కథలా ఉంది కదూ? లోపల ఇంకో కథ ఉంది. అప్పటికే ఆ పిల్ల డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని మనసులో పెట్టుకుంది. వీళ్ళు బెంగాలీ బ్రాహ్మలు, ఆయన నాయుళ్ళు. ఇటు వారికీ ఇష్టం లేదు, అటు వారికీ ఇష్టం లేదు. ఆమె పుస్తకానికి ముందుమాట రాసిన ఆర్థర్ సైమన్స్ అనే ఇంగ్లీషు కవి, ఆమెను ఇష్టం లేకుండానే ఇంగ్లండు పంపారని స్పష్టంగానే చెప్పాడు. సంబంధం మరిపించడానికి పిల్లను మేనమామ ఊరికి పంపడం మనకు తెలుసు. వీళ్ళు ఇంగ్లండు పంపారు, అంతే తేడా!

అక్కడ మొదట లండనులో కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జి దగ్గర గిర్టన్ కాలేజీ. ఆరోగ్యం దెబ్బతిని చదువు ఆగింది. మధ్యలో ఇటలీ తిరిగొచ్చింది. 1898 సెప్టెంబరులో ఏ డిగ్రీ లేకుండా ఇంటికొచ్చేసింది. డిసెంబరులో మద్రాసులో ఆ గోవిందరాజులుగారితోనే పెళ్ళి. దగ్గరుండి ఆ పెళ్ళి జరిపించినది మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. మూడేళ్ళ సముద్రం, నిజాం పౌన్లు ఆ పిల్ల పట్టుదల ముందు ఎందుకూ కొరగాలేదు!

సరే, లెక్క చూడబోతే ఖజానా ఖర్చుకు ఒక్క సర్టిఫికెట్టు కూడా రాలేదు. ఇప్పటి గుమాస్తా ఎవరైనా ఆ ఫైలు చూస్తే మొదటి ఏడాదే ఎర్ర సిరా గీత గీసి ఉండేవాడు.

కానీ ఆ డిగ్రీ సంగతి కాస్త వినండి. గిర్టన్‌లో ఆడపిల్లలు మగవాళ్ళు రాసే పరీక్షలే రాసేవారు, పాసయ్యేవారు. యూనివర్సిటీ మాత్రం వాళ్ళకు డిగ్రీ ఇచ్చేది కాదు. సరోజిని ఇంగ్లండులో ఉన్న రోజుల్లోనే, 1897 మే నెలలో, ఆడవాళ్ళకు డిగ్రీలివ్వాలా అని కేంబ్రిడ్జిలో ఓట్లు పెట్టారు. ఆ రోజు మగ విద్యార్థులు సైకిలెక్కిన ఆడమనిషి బొమ్మ ఒకటి చేసి వీధిలో వేలాడదీశారు. తీర్మానం చిత్తుగా ఓడిపోయింది. అంటే ఆమె జబ్బు పడకుండా, రాత్రింబవళ్ళు చదివి, అన్ని పరీక్షలూ నెగ్గినా కేంబ్రిడ్జి నుంచి పట్టా తెచ్చి నిజాముగారికి చూపించే వీలే లేదు.

ఆమె అక్కడ నేర్చుకున్నది వేరే ఉంది. ఎడ్మండ్ గాస్ అనే పేరున్న విమర్శకుడికి తన పద్యాలు చూపించింది. అన్నీ ఇంగ్లీషు పిట్టలు, ఇంగ్లీషు తోటలు! ఇవి మాకెందుకమ్మా, నీ దేశం సంగతులు రాయి అని ఆయన సలహా చెప్పాడు. ఆమె విన్నది. పల్లకీ బోయీలు, గాజులమ్మేవాళ్ళు, హైదరాబాదు బజారు ఆమె కవితల్లోకి వచ్చింది ఆ తర్వాతే. ఏ సెమిస్టరు పట్టీలోనైనా ఈ చదువుకు ఒక గడి ఉంటుందా? 1925లో కాన్పూరులో కాంగ్రెసు అధ్యక్షపీఠం ఎక్కిన మొదటి భారత మహిళ ఆమే.

ఇలా చెప్పానని షరతులన్నీ దండగ అనడం లేదు నేను. అదే రోజుల్లో, అదే ఖజానా డబ్బుతో ఇంకొక కుర్రవాడు వెళ్ళాడు. ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జి గ్రామరు స్కూల్లో చదివిన పిల్లవాడు. తర్వాత అలీ నవాజ్ జంగ్ అనిపించుకున్నాడు. 1896లో కూపర్స్ హిల్ ఇంజినీరింగు కాలేజీలో చేరి, బహుమతులు కొట్టి, 1899లో కోర్సు ముగించుకుని వచ్చి ఉద్యోగంలో చేరాడు. మంజీర మీద నిజాంసాగర్ కట్టించింది ఆయనే. ఆ నీళ్ళతో పండిన బియ్యం మన ఇళ్ళల్లోకీ వచ్చే ఉంటుంది. ఇలాంటి పిల్లలకు గడువులూ, పరీక్షలూ అడ్డం కావు, నిచ్చెన మెట్లవుతాయి.

ఇంకో మాట. సరోజిని ప్రిన్సిపాలుగారి అమ్మాయి. ఆమె రాసింది నిజాం కంటబడింది. అదే రోజుల్లో నాంపల్లిలో ఒక నేతగాడి కూతురో, టాంగావాలా కూతురో పద్యం రాసి ఉంటే ఎవరు చూసేవారు? మార్కులడిగే పథకం కనీసం తండ్రి ఎవరని దర్బారులో విచారించదు. మా పక్కింటి అమ్మాయి తమ్ముడికి ఆ సగమైనా వచ్చింది అందువల్లే. అయితే జబ్బు చేసిన పిల్లకూ, చదువు ఎగ్గొట్టిన పిల్లకూ మార్కుల పట్టీ మీద తేడా కనబడదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికా ప్రభుత్వం తమ పౌరులకిచ్చే విద్యా సహాయానికీ ఇలాంటి నియమం ఉంది. అక్కడ పుట్టిన మన తెలుగు పిల్లలూ దాని కిందికి వస్తారు. మార్కులు ఒక మట్టానికి తగ్గకూడదు. నాలుగేళ్ళ కోర్సయితే మహా అయితే ఆరేళ్ళ లెక్కలో ముగించాలి. తప్పితే డబ్బు ఆగుతుంది. కాని విద్యార్థి జబ్బు పడినా, గాయపడినా, ఇంట్లోవాళ్ళు పోయినా అర్జీ పెట్టుకోవచ్చు. కాలేజీ ఒప్పుకుంటే మరో టర్ము అవకాశం ఇస్తారు. సరోజినికి అలాంటి అర్జీ అక్కర్లేకపోయింది. ఆమె విషయంలో నియమమూ మినహాయింపూ రెండూ నిజాముగారే. ఇప్పటి పిల్లలకు అర్జీ కాగితం తప్ప వేరే దిక్కు లేదు. మన పథకాల్లో కూడా అలాంటి కాగితానికి చోటుండాలని ఆ తల్లి జ్వరం చూసినవాళ్ళెవరైనా అంటారు.

కేంబ్రిడ్జి వారు ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో. అప్పటికి సరోజిని లక్నోలో గవర్నరు. మరుసటి ఏడు మార్చి 2న ఆ రాజభవనంలోనే కన్ను మూశారు.