నిమ్మకాయ గుచ్చిన కత్తి

ఎర్రగుంట్లలో బొంబాయి వైపు రైలెక్కితే తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు దాటాక ఆదోని వస్తుంది. 1953 అక్టోబరు దాకా అది బళ్లారి జిల్లా. మగబిడ్డ లేని ఇంట్లో ఆడపిల్లను దేవుడికిచ్చి పెళ్లి చేసే ఆచారం ఆ చుట్టుపక్కల పాతుకుపోయింది. అలా ఇచ్చిన పిల్లను బసివి అనేవాళ్లు.

బోయల ఇళ్లలో ఆ పెళ్లి తంతు దక్షిణాది కులాల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో ఉంది. కత్తి మొనకు నిమ్మకాయ గుచ్చి, పిల్ల పక్కన నిలబెట్టి, కుడిచేత్తో పట్టుకోమంటారు. పెళ్లికొడుకు కూర్చునేది కుడివైపే గదా. వరుడు ఆ కత్తే. బాల్యవివాహాలను ఆపడానికి తెచ్చిన 1929 నాటి శారదా చట్టం వరుడికి 18 ఏళ్లుండాలంది. కత్తికి ఏళ్లు లెక్కపెట్టేదెవరు? పిల్లకు మాత్రం సమర్తాడకముందే తాళి పడేది.

కన్నవాళ్లను కసాయివాళ్లనేసి ఊరుకోలేం. కొరివి పెట్టే దిక్కుండదని భయం. ఇంట్లో అమ్మవారు పోస్తే ఒక మొక్కు, పిల్ల జుట్టు జడకడితే ఎల్లమ్మ అడిగిందని ఇంకో మొక్కు. బసివిగా వదిలిన పిల్ల ఆ ఇంటికి కొడుకే: తండ్రికి తలకొరివి పెడుతుంది, చేను ఆమెకే వస్తుంది, బిడ్డలకు ఆమె ఇంటిపేరే నిలుస్తుంది. మగవాళ్ల హక్కులు పొందిన ఆడవాళ్లని పోలీసు అధికారి ఫాసెట్ 1890ల్లో వీళ్ల గురించి రాశాడు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఒంటిమీద హక్కు మాత్రం ఆమెకు దక్కలేదు. దేవుడి పెళ్లాం గనక ఇంకో మొగుడుండకూడదు. అడ్డుచెప్పే మొగుడు లేడు గనక ఊళ్లో కలిగినవాడెవడైనా తలుపు తట్టొచ్చు. కరువుకు చేను తాకట్టులో పోతే కొడుకు హోదా దాంతోనే పోయేది. ఈడు దిగిపోయాక జోలె పట్టి ఇల్లిల్లూ తిరగడమే.

1947లో మద్రాసు ప్రభుత్వం ఇలా వదలడాన్ని నిషేధించింది. ఆగలేదు గనకే 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఈలోగా ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. 1985 సెప్టెంబరు నుంచి అమలు. బసివి ఏ హక్కు కోసం కత్తి పట్టిందో, అది దేవుడి పెళ్లి లేకుండానే వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం ఆ చట్టం వాటా ఇవ్వలేదు. మరి కత్తిని కట్టుకున్న పిల్ల పెళ్లయినదా, కానిదా? తేల్చమని కోర్టు మెట్లెక్కే అవసరం ఎక్కువమందికి రాలేదు. అప్పటికి బసివులను వదులుతున్నవి చాలావరకు దళితవాడల ఇళ్లే. అక్కడ పంచుకోడానికి చేనెక్కడుంది?