బలపం: ఒక పాత నివేదికలో బడి పనిముట్లు

1823 ఆగస్టు 17న బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడుల గురించి మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు సంవత్సరం గవర్నరు థామస్ మన్రో అడిగిన వివరాలకు అది సమాధానం. ఎన్ని బడులు, ఎందరు పిల్లలు అన్న లెక్కతో క్యాంబెల్ ఆగలేదు. పిల్లవాడు దేని మీద వ్రాస్తున్నాడు, దేనితో వ్రాస్తున్నాడు, వ్రాసినదాన్ని దేనితో చెరుపుతున్నాడు అన్నవి కూడా నమోదు చేశాడు. ఆ వర్ణనలో, ఇంగ్లీషు వర్ణక్రమంలో కొంత వంకరపోయినా ఇట్టే గుర్తుపట్టగలిగేట్టుగా, మన 'బలపం' కనబడుతుంది. దాని పక్కనే కన్నడ రూపంలో 'పలక', మరికాస్త ఇవతల 'కడితం'.

క్యాంబెల్ తెలుగు తెలిసినవాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్నీ, 1821లో నిఘంటువునూ ప్రకటించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని ఎల్లిస్ చేసిన ప్రసిద్ధ ప్రతిపాదన వెలువడింది ఆ వ్యాకరణంలోనే. ఇక ఆనాటి బళ్ళారి జిల్లా అంటే నేటి అనంతపురం ప్రాంతం కూడా అందులో కలిసే ఉండేది. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో ఉన్న 533 బడులలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. కనుక ఆ బలపం పరాయిది కాదు, మన వీధిబడిదే.

ఆ బడిలో చదువు ఇసుకతో మొదలయ్యేది. ఐరోపా పిల్లల్లాగా అక్షరాన్ని ముందు పలికి తర్వాత వ్రాయడం కాదు. వ్రేలితో ఇసుకలో దిద్దుతూనే అక్షరాన్ని తెలుసుకోవడం అక్కడి పద్ధతి. చేయి కుదిరిన తర్వాత తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద రెల్లు కలంతోనో వ్రాసే అర్హత వచ్చేది. అయితే ఆ జిల్లాలో ఎక్కువ వాడుకలో ఉన్నవి పలకా, కడితమూ. పలక అంటే రాతిపలక కాదు. అడుగు వెడల్పూ మూడడుగుల పొడవూ ఉన్న చెక్క. దాన్ని నునుపు చేసి కాస్త అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తే వ్రాతకు సిద్ధం. కడితం గుడ్డతో చేసేవారు. గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలాగా మడతలు వేసి, బొగ్గూ జిగురులూ కలిపిన పూత పూసేవారు. రెండింటి మీదా వ్రాసేది తెల్లని, గట్టి బలపంతో. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ నల్లని పలక.

ఇందులో ఏ ఒక్కటీ బడి కోసం ప్రత్యేకంగా పుట్టిన వస్తువు కాదన్నది గమనించవలసిన సంగతి. కడితం వర్తకుల, కరణాల లెక్కల పుస్తకం. గంటమూ తాటాకూ పంతులు స్వయంగా వాడుకొనేవి. అన్నం, గంజి, బొగ్గు వంటింటివి. ఇసుక ఏటిది. పంతులు తన ఇంట, తన ఊళ్ళో నలుగురి చేతుల్లో ఉన్న వస్తువును తీసుకొని దాన్ని చదువుకు అనువుగా మలిచాడు. అది పగిలినా పాడైనా బాగుచేసుకోవడం ఆయనకే తెలుసు. నల్లబల్లకు బొగ్గూ ఆకుపసరూ పూయడం నిన్నమొన్నటి దాకా మన పల్లెబడుల్లో ఉన్నదే కదా! నల్లని పలక మీద తెల్లగా వ్రాయడం ఎంత పాతదంటే, పదకొండవ శతాబ్దంలో అల్‌బిరూనీ ఈ దేశపు బడులలో దాన్ని చూసి తన గ్రంథంలో పేర్కొన్నాడు.

ఈ ఇసుకకు సముద్రాలు దాటిన కథ కూడా ఒకటుంది.

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు 1787లో ఇండియాకు వచ్చాడు. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కోసం పెట్టిన ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. అక్కడి ఉపాధ్యాయుల బోధన ఆయనకు తృప్తినివ్వలేదు. ఒకనాటి ఉదయం గుర్రం మీద వెళుతూ ఒక 'మలబారు' బడిలో పిల్లలు నేల మీద కూర్చొని ఇసుకలో వ్రేళ్ళతో అక్షరాలు దిద్దుతూండగా చూశాడు. మద్రాసులోని తమిళులను అప్పటి ఇంగ్లీషువారు మలబారులనేవారు గనుక అది తమిళ పిల్లల వీధిబడి అనుకోవాలి. బెల్ వెంటనే తిరిగివచ్చి తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమన్నాడు. ఉపాధ్యాయులు అది కుదిరే పని కాదన్నారు. అప్పుడు బెల్ ఆ తరగతిని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ సిపాయి కొడుకుకు అప్పగించాడు. పెద్దలకు సాధ్యం కానిది ఆ పిల్లవాడికి సాధ్యమయింది. ముందు నేర్చుకొన్న పిల్లవాడు వెనుకటివాడికి నేర్పడమనే పద్ధతి ఎగ్మూరులో అలా స్థిరపడింది.

బెల్ 1796లో స్వదేశానికి మరలి, మరుసటేడు ఈ ప్రయోగాన్ని గురించి పుస్తకం అచ్చువేశాడు. 1798లో లండనులో బడి పెట్టిన జోసఫ్ లాంకాస్టరు కూడా ఇసుకబల్లలూ, పిల్లలే పిల్లలకు నేర్పే పద్ధతీ వాడాడు. ఎవరు ముందన్న దాని మీద ఇద్దరి అనుచరులకూ పెద్ద తగవే నడిచింది. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో బెల్ విధానం ఇంగ్లండు పేదపిల్లల బడులలో వ్యాపించింది. 1832లో బెల్ మరణించగా వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి చేశారు. ఏ అరుగు మీద బడి చూసి ఆయన గుర్రం ఆపాడో, ఆ అరుగు మీద కూర్చున్న పంతులు పేరు మాత్రం ఎక్కడా లేదు.

వీధిబడి పిల్లలకు వ్రాత నేర్పడంలో చూపే పొదుపునూ, పెద్ద పిల్లలు చిన్నవారికి చెబుతూ తమ చదువును గట్టిపరచుకొనే తీరునూ క్యాంబెల్ మెచ్చుకొన్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సమంజసమేనన్నాడు. ఇక్కడితో ఆగిపోతే మన గతాన్ని పొగుడుకోవడానికి ఈ నివేదిక చక్కగా పనికివస్తుంది. కాని ఆయన ఆగలేదు, మనమూ ఆగకూడదు.

బడిలో చదివించే పుస్తకాలు వాడుకకు దూరమైన పద్యభాషలో ఉన్నాయనీ, పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు అప్పజెబుతారు గాని అర్థం విషయంలో చిలుకలతో సమానమనీ ఆయన వ్రాశాడు. అంటే ఇసుక చేతికి అక్షరాన్ని ఇచ్చింది గాని అర్థాన్ని ఇవ్వలేదు. అది పనిముట్టు చేయగల పని కాదు. బడికి మొట్టమొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవాడికి సున్న. మూడవవాడికి ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆపైన వచ్చేవారికి తలా ఒకటి చొప్పున ఎక్కువ.

అంతకంటె కలవరపెట్టేవి అంకెలు. 9,27,857 మంది జనాభాలో బడికి వెళ్ళేవారు 6,641 మంది, అంటే వెయ్యికి ఏడుగురు. వారిలో ఆడపిల్లలు 60 మంది. ఇసుకకు ఖరీదు లేదు, అయినా దాని ముందు కూర్చోగలిగింది ఇంతమందే. దీనికి క్యాంబెల్ చెప్పిన ముఖ్యకారణం దేశంలో పెరుగుతూన్న పేదరికం. విదేశీ నూలు వస్త్రాల వల్ల ఇక్కడి నేతపనివారు దెబ్బతినడాన్నీ, ఇక్కడి ధనం బయటికి పోవడాన్నీ ప్రస్తావించి, పంతులుకు ఇవ్వవలసిన కాస్త రుసుము కూడా ఇచ్చుకోలేని స్థితికి చాలా కుటుంబాలు వచ్చాయని కంపెనీ కొలువులోని కలెక్టరే వ్రాశాడు. కట్టెపలకా, బలపమూ ఎంత చవకైతేనేమి, పంతులు కడుపు నిండాలి కదా.

కట్టెపలక స్థానంలోకి తర్వాత రాతిపలక వచ్చింది. నల్లమల తూర్పు అంచున ఉన్న మార్కాపురం పలకలు దేశమంతటా పిల్లల ఒళ్ళోకి చేరాయి. పలకలో వచ్చిన ఈ మార్పుతో ఒక తేడా పడింది. పంతులు బొగ్గుతో చేసుకొనే వస్తువు గనిలోనూ, కార్ఖానాలోనూ మరొకరు చేసే వస్తువయింది. చవకదనపు ఖరీదు మన కంటికి కనబడని చోటికి మారింది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో రాతి బలపాలు కోసే కార్మికులు ఆ ధూళి పీల్చి సిలికోసిస్ బారిన పడ్డారు. వారి సంక్షేమనిధి కోసం 1982లో ఆ రాష్ట్రం ప్రత్యేకంగా చట్టమే చేయవలసివచ్చింది.

అటుపైన పనిముట్లు పైనుంచి దిగాయి, కొన్ని అక్షరాలా ఆకాశం నుంచే. 1975 ఆగస్టు 1 నుంచి ఒక ఏడాదిపాటు, అమెరికా ఇచ్చిన ఉపగ్రహం ద్వారా, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు అందాయి. ఉదయం పూట బడిపిల్లల కార్యక్రమాలు తెలుగులోనూ వచ్చేవి. ఎంతో శ్రద్ధతో చేసిన ప్రయోగమది. గడువు తీరగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. పంతులు బొగ్గు పూసి బాగుచేసుకోగల వస్తువు కాదది. 1987లో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' పేరిట కేంద్రప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు కనీస సామగ్రి సమకూర్చడం మొదలుపెట్టింది. ఉపగ్రహ పాఠాలు చూసిన దేశం పుష్కరం తిరిగేసరికి మళ్ళీ నల్లబల్ల గురించే ఆలోచించవలసివచ్చింది.

2020లో బడులు మూతపడినప్పుడు వీధిబడి పంతులు చేసిన పనే మన ఉపాధ్యాయులు మళ్ళీ చేశారు. చేతిలో ఉన్న రోజువారీ వస్తువును తీసుకొన్నారు. అది ఫోను. ఇంటివారితో మాట్లాడుకొనే ఫోనులోనే పాఠం చెప్పారు, హోంవర్కు ఫొటోలు తెప్పించుకొని దిద్దారు. ఎవరి శిక్షణా లేకుండా తమకు తామే నేర్చుకొన్నవారు ఎందరో. ఆ యేడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీవీ పాఠాలు కూడా వచ్చాయి. కాని ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పనికి వెళ్ళిపోతే, ఆ పిల్లకు తరగతి లేదు. ఆమె క్యాంబెల్ పట్టికలో లెక్కకు రానివారి వరుసలోనే నిలబడింది.

అందుచేత బడికి కొత్త వస్తువేది వచ్చినా నేను ఆ నివేదిక వెలుగులోనే చూస్తాను. పంతులు దాన్ని తన సొంత పనికి వాడుకొంటున్నాడా, పాడైతే బాగుచేసుకోగలడా అన్నవి మొదటి పరీక్షలు. ఆ రెండింటిలోనూ ఇసుకా, పలకా నెగ్గాయి. దాని ముందు కూర్చోలేకపోయినవారు ఎందరు అన్నది అసలు పరీక్ష. అందులో మాత్రం ఇసుక కూడా ఓడింది. ఆ లెక్క వ్రాసిపెట్టినందుకు, బలపం అన్న మాటను పోనీయకుండా పట్టి ఉంచినందుకు, బళ్ళారి కలెక్టరుకు మనం ఋణపడివున్నాం.