బూడిదలో పోసిన పన్నీరు కాదు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు "నాకు తెలిసింది బూడిద ఒక్కటేనండీ" అన్నాను. ఆయన నవ్వి, "అదే వ్రాయండి, మనవాళ్లలో సగం మంది ముప్పయ్యేళ్లు పీల్చింది అదేగా" అన్నారు. అందుచేత ఈ వ్యాసం. సివిల్ విభాగంలో, అందులోనూ కాంక్రీటు పరీక్షించే లేబరేటరీలో ఎక్కువకాలం గడిపినవాడిని గనుక సిమెంటులో బూడిద కలిపే సంగతి మాత్రమే చెబుతాను.

మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. నూరు టన్నులు మండిస్తే ముప్పయ్యయిదు, నలభై టన్నులు బూడిదే మిగులుతుంది. అందులో అయిదోవంతు బాయిలరు అడుగున పడుతుంది. మిగిలినది పొగతోపాటు పైకి పోతుంటే ఈఎస్పీలో పట్టి హాపర్లలోకి దింపుతారు. ఆంగ్లంలో దీనికి ఫ్లై యాష్ అని పేరు. ఆ రోజుల్లో రెంటినీ నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపడమే మాకు తెలిసిన విద్య. వేసవిలో చెరువు ఎండి గాలి లేస్తే కాలనీలో ఆరేసిన బట్టలు, కంచంలో అన్నం ఒకే రంగు. పక్క ఊళ్ల రైతుల బాధ ఇక చెప్పనక్కరలేదు.

కానీ ఈ బూడిదకు పూర్వీకులున్నారు. రోమనులు ఇటలీలోని పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత బూడిదను సున్నంలో కలిపి రేవులు కట్టారు. పోజొలానా అన్న మాట ఆ ఊరి పేరు మీద వచ్చినదే. రోములోని పాంథియన్ గుమ్మటం 43 మీటర్ల వెడల్పున, లోపల ఒక్క ఇనుప చువ్వ లేకుండా, దాదాపు 1900 ఏళ్లుగా నిలిచి ఉన్నది. ఇంగ్లండులో జాన్ స్మీటన్ 1759లో పూర్తి చేసిన ఎడిస్టోన్ దీపస్తంభానికీ ఇటలీ నుంచి ఈ బూడిదనే తెప్పించుకున్నాడు. ఆ స్తంభం మొండెం ఇప్పటికీ సముద్రంలోని ఆ రాతి మీదనే ఉన్నది.

మనకు అగ్నిపర్వతాలు లేకపోయినా సుర్ఖి ఉండేది. కాల్చిన ఇటుకలను పొడికొట్టి, సున్నంతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారు. మా తాతగారి ఇంటి గోడకు మేకు దిగేది కాదని మా అమ్మ చెప్పేది. ఇళ్లే కాదు, 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్టకు కూడా సుర్ఖి సున్నమే వాడారు. 2024 ఆగస్టులో అక్కడ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మిత్రులు కొందరు "పాత సున్నపు కట్టడం గదా" అన్నారు. తెగినది గేటు గొలుసు, కట్టడానికి ఏమీ కాలేదు.

ఇక బొగ్గు బూడిద సంగతి. దీని గుణాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రేమండ్ డేవిస్, ఆయన సహచరులు పరిశోధించి 1937లో ప్రకటించారు. అటు తర్వాత అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలో 1953లో ముగిసిన హంగ్రీ హార్స్ ఆనకట్టలో సిమెంటుకు బదులు కొంత భాగం ఈ బూడిద వాడారు. అక్కడ వారి మొదటి ఉద్దేశం పొదుపు ఒక్కటే కాదు. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు వేడి పుడుతుంది. ఆనకట్టవంటి లావుపాటి కాంక్రీటులో ఆ వేడి బయటకు పోలేక, చల్లారేటప్పుడు పగుళ్లు వస్తాయి. సిమెంటు తగ్గిస్తే వేడి తగ్గుతుంది. మన దేశంలో 1962లో పూర్తయిన రిహాండ్ ఆనకట్టలో సుమారు 15 శాతం సిమెంటు స్థానంలో బూడిద వేశారు. 1966లో దీనికి ఐఎస్ 3812 ప్రమాణం కూడా వచ్చింది. అంటే కాగితం మీద అనుమతి ఎప్పుడో ఉన్నదన్నమాట. వాడే ధైర్యమే లేదు.

ఇది పనిచేసే తీరు సులభంగా చెబుతాను. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు కాంక్రీటును పట్టి ఉంచే జిగురుతోపాటు కొంత సున్నం కూడా పుడుతుంది. ఆ సున్నం వల్ల బలం లేదు, పైపెచ్చు నీళ్లకు కరిగిపోయి సందులు చేస్తుంది. బూడిదలోని సిలికా నెమ్మదిగా ఆ సున్నాన్ని పట్టుకుని మళ్లీ జిగురుగానే మారుస్తుంది. నెమ్మదిగా అన్న మాట గుర్తుంచుకోవాలి. కథంతా అక్కడే ఉన్నది.

1981లో కాబోలు, కొన్ని క్వార్టర్ల నిర్మాణంలో బూడిద కలపవచ్చునా అని చూడమని నాకు అప్పగించారు. హాపరు నుంచి పొడి బూడిద తెచ్చి, అయిదోవంతు సిమెంటు తగ్గించి, దిమ్మలు పోశాను. ఏడోరోజున మిషను కింద పెడితే మామూలు దిమ్మలకంటే బాగా తక్కువకే పగిలాయి. ఇరవై ఎనిమిదో రోజున కూడా కాస్త తక్కువే. "బలము తక్కువ, సిఫారసు చేయలేము" అని రిపోర్టు వ్రాశాను. పై అధికారి సంతకం చేశారు, ఫైలు మూసేశారు. వ్రాసింది నేనే, ఎవరినీ అనను.

ఆరు దిమ్మలు నీళ్లతొట్టిలో మిగిలిపోయాయి. మూడు నెలల తర్వాత తొట్టి కడిగించేటప్పుడు హెల్పరు "ఇవి పారేయమంటారా సార్?" అని అడిగాడు. ఊరికే ఒకటి మిషను కింద పెట్టాను. మామూలు దిమ్మ పగిలిన చోటు దాటి ముల్లు ఇంకా పైకి పోతున్నది. రెండవదీ అంతే, మూడవదీ అంతే. ఆ సాయంకాలమే పై అధికారి వద్దకు వెళ్లి చెప్పాను. "మూసిన ఫైలు తెరవడం ఎందుకయ్యా, ఆడిట్ వాళ్లు అడుగుతారు" అన్నారు. నేను నా డైరీలో వ్రాసుకుని ఊరుకున్నాను. ఇంకొకసారి గట్టిగా అడిగి ఉండవలసింది. అప్పటికి నా ప్రొబేషన్ ముగిసి రెండేళ్లే అయింది.

ఆ తర్వాత పదిహేనేళ్లు 53 గ్రేడు సిమెంటు వ్యామోహం. త్వరగా గట్టిపడేదే మంచిదని జనం నమ్మారు. 1994లో కేంద్రం ఫ్లై యాష్ మిషన్ ప్రారంభించింది. 1999 సెప్టెంబరు నోటిఫికేషన్‌తో, థర్మల్ స్టేషన్‌కు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద కలపడం తప్పనిసరి అయింది, తర్వాత ఆ దూరం పెంచారు. ఇక్కడ మనవారి సంగతి ఒకటి చెప్పాలి. విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చనవసరం లేని ఇటుక తయారుచేసే ఫాల్-జి పద్ధతి రూపొందించారు. అదే ఊళ్లో ఉక్కు కర్మాగారపు స్లాగు కూడా సిమెంటులోకే పోతుంది. ఉప్పునీటి గాలి తగిలే చోట స్లాగు సిమెంటు బాగా ఆగుతుంది.

నేడు మన పిల్లలు ఇళ్లకు కొనే సిమెంటు బస్తా మీద పీపీసీ అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం దాకా బూడిదే. "బూడిద సిమెంటట, కల్తీయా?" అని మన సభ్యులు నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. కల్తీ కాదు. తడపకపోతే మాత్రం మోసపోతాము. ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇటువంటి సిమెంటుకు కనీసం 10 రోజులు, మనవంటి ఎండ ప్రాంతాల్లో 14 రోజులు తడపాలి. 2004లో మా ఇంటి స్లాబుకు మేస్త్రీ ఏడోరోజునే సెంటరింగు విప్పుతానన్నాడు, వేరేచోట చెక్కలు కావాలట. "చెక్కల అద్దె నేనిస్తాను, ఇంకో వారం ఆగు" అన్నాను. మా ఆవిడ ఇద్దరినీ చూసి, అద్దె డబ్బు మేస్త్రీ చేతిలో పెట్టి, పైకెక్కి తానే గట్లు కట్టి నీళ్లు పెట్టింది. ఆ స్లాబుకు ఇంతవరకు చెమ్మ లేదు.

ఒక హెచ్చరిక. చెరువులోని తడి బూడిద ఇందుకు పనికిరాదు. అందులో బాయిలరు అడుగు బూడిద కలిసి ముతకగా ఉంటుంది. ఇటుకలకో, రోడ్డు కట్టలకో, గోతులు పూడ్చడానికో సరిపోతుంది. సిమెంటులోకి కావలసినది హాపరు నుంచి తీసిన సన్నని పొడి బూడిద మాత్రమే. ఎవరైనా లారీతో తెచ్చి చవకగా ఇస్తామంటే నమ్మవద్దు.

పోయిన సంక్రాంతికి పాత స్టేషన్ వైపు వెళ్లాను. మా కాలపు చెరువు మీద తుమ్మచెట్లు మొలిచాయి, గొర్రెలు మేస్తున్నాయి. 1981 తర్వాత పొడిగా తీసి ఉంటే సిమెంటులోకి పోవలసిన బూడిద ఆ కట్ట లోపల రెండు తాటిచెట్ల ఎత్తున ఉన్నది.