గుంబజ్ లేని మసీదు, గిన్నెలో సరీద్

ఇల్మ్ కోసం చైనా దాకా వెళ్లమన్న మాట మనం వాజ్‌లలో వింటూ పెరిగాం. దాని సనద్ జయీఫ్ అని ముహద్దిసులు చెప్పారు, అది వేరే సంగతి. ఆ మాటలో చైనా అంటే లోకం చివర అని అర్థం. లోకం చివర అనుకున్న ఆ చోట పదమూడు వందల ఏళ్లుగా అజాన్ వినబడుతోందన్న సంగతి మాత్రం మన ఇళ్లలో చాలామందికి తెలియదు. నాకూ పుస్తకాల్లో చదివినంతే తెలుసు. షియాన్ నగరంలో ఒక చైనా దోస్త్ నన్ను పొద్దున్నుంచి రాత్రి దాకా తిప్పి, తినిపించి, ఆ తారీఖ్‌ను కళ్లకు చూపించాడు.

ఆయన హుయి ముసల్మాన్. హుయీలు అంటే చైనీసే మాదరీ జబాన్‌గా ఉన్న ముసల్మానులు. కోటి మందికి పైగా ఉంటారు. తుర్కీ కుటుంబపు భాష మాట్లాడే వీగర్లు వేరు, వీళ్లు వేరు. షియాన్ పాత పేరు చాంగ్‌ఆన్. టాంగ్ వంశానికి (618–907) అది దారుల్ హుకూమత్. పట్టు దారి మీద వచ్చే ఒంటెల కాఫిలాలకు ఆఖరి మంజిల్. 651లో, హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, అరబ్ సఫీర్లు టాంగ్ దర్బారుకు వచ్చినట్టు చైనా తారీఖ్‌లలో నమోదై ఉంది. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) స్వయంగా వచ్చారన్నది అక్కడి రివాయత్ మాత్రమే. ఆయన ఖబర్ మదీనాలో జన్నతుల్ బఖీలో ఉంది. 757లో బాగీల చేతిలో పడ్డ చాంగ్‌ఆన్‌ను తిరిగి గెలవడానికి అబ్బాసీ ఖలీఫా పంపిన సిపాయీలు సాయపడ్డారు. వాళ్లలో కొందరు అక్కడే పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారని చెబుతారు.

మొదట హువాజ్యుయె గల్లీలోని పెద్ద మసీదుకు వెళ్లాం. 742లో కట్టారని అక్కడి శిలాశాసనం చెబుతుంది. ఆ శాసనం అంత పాతది కాదని చరిత్రకారుల వాదన. ఇప్పుడు కనిపించే కట్టడాలు చాలావరకు 1392 నాటి మింగ్ కాలంలో మొదలై, తర్వాత మరమ్మతులు జరిగినవి. లోపలికి అడుగు పెడితే గుంబజ్ లేదు, మీనార్ లేదు. నీలి పెంకుల వంగిన చూర్లు, చెక్క తోరణాలు, ఒకదాని తర్వాత ఒకటిగా ఆంగన్‌లు. మధ్యలో మూడంతస్తుల ఎనిమిది పలకల బురుజు ఉంది. దాని పేరుకు అర్థం 'మనసును పరీక్షించుకునే మేడ'. మీనార్ పని అదే చేసేది.

తెలియని వాళ్లు చూస్తే బౌద్ధ దేవాలయం అనుకుంటారు. కానీ ఒక్క తేడాలో మొత్తం కథ ఉంది. చైనాలో గుళ్లూ కోటలూ మామూలుగా దక్షిణం వైపు ముఖం పెట్టి ఉంటాయి. ఈ మసీదు మాత్రం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది, ఎందుకంటే అక్కడి నుంచి ఖిబ్లా పడమర. చూరు చైనాది, రుఖ్ మక్కాది. లోపల నమాజ్ హాలు చెక్క పలకల మీద ఖురాన్ ఆయతులు చెక్కారు. కుంచెతో రాసే చైనా అలవాటు అరబీ అక్షరాల్లోకి దిగింది. అలిఫ్ నిలువు గీత వెదురు కొమ్మలా కనిపించింది.

వుజూ దగ్గర నాకు అసలు ఆశ్చర్యం ఎదురైంది. దోస్త్ నాతో వచ్చీ రాని ఇంగ్లీషులో మాట్లాడుతున్నవాడు, ఒక్కసారి "అబ్దైస్" అన్నాడు. ఫార్సీ ఆబ్‌దస్త్! ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఆ మాట అర్థం చెప్పక్కర్లేదు. తర్వాత ఒక్కొక్కటీ అడుగుతూ పోయాను. ఫజ్ర్‌ను వాళ్లు బాంగ్‌దా అంటారు, అది ఫార్సీ బామ్‌దాద్. జుహ్ర్ పియెషెన్, అంటే పేషీన్. మగ్రిబ్ షామూ, మన షామ్. ఇషా హుఫూతాన్, అంటే ఖుఫ్తన్. ఇమామ్ సాబ్ అహోంగ్, అంటే ఆఖూంద్. దోస్త్‌ను దోస్తీ అనే అంటారు. దక్కన్‌కు ఫార్సీ తెచ్చిన గాలే చైనాకూ వీచింది. మనం ఖుదా అని, నమాజ్ అని, రోజా అని అరబీ మాటలకు బదులు ఫార్సీ మాటలు పట్టుకున్నట్టే వాళ్లూ పట్టుకున్నారు.

జుహ్ర్ అయ్యాక డ్రమ్ టవర్ వెనక ముసల్మానుల మొహల్లాకు తీసుకెళ్లాడు. ప్రతి దుకాణం మీద 'చింగ్‌జెన్' అన్న రెండు అక్షరాలు కనిపిస్తాయి. చింగ్ అంటే పాక్, జెన్ అంటే సత్యం. హలాల్‌కు చైనా ముసల్మానులు పెట్టుకున్న పేరు అది. అక్కడ యాంగ్‌రౌ పావ్‌మో తిన్నాం. ముందు ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు తెచ్చి పెడతారు. వాటిని మనమే శనగ గింజంత ముక్కలుగా తుంచాలి. పెద్ద ముక్కలు వేస్తే దోస్త్ నవ్వి, మళ్లీ తుంచమన్నాడు. అరగంట పట్టింది. ఆ తర్వాత గిన్నెను బావర్చీఖానాకు తీసుకెళ్లి, వేడి వేడి గొర్రె షోర్వా, మాంసం, సేమ్యా వేసి తెచ్చారు. పక్కన తీపిగా ఊరవేసిన వెల్లుల్లి, మిరప ముద్ద.

ఒక ముద్ద తినగానే నాకు సరీద్ గుర్తొచ్చింది. షోర్వాలో రొట్టె తుంచి వేసే ఆ వంటకం ప్రవక్త (స)కు ఇష్టమని హదీసుల్లో చదివాం. పావ్‌మో సరీద్ నుంచే పుట్టిందని నేను అనను. కానీ ఆ గిన్నె ముందు కూర్చుంటే పరాయి దస్తర్‌ఖాన్ అనిపించదు. మా అమ్మీ గోంగూర గోష్త్ వండితే అది ముసల్మానుల కూరా, తెలుగువాళ్ల కూరా అని ఇంట్లో ఎవరూ అడగం. అదీ అలాంటిదే.

రొట్టె తుంచుతున్నప్పుడే ఒక ప్రశ్న అడిగాను. ఈ మధ్య చైనాలో చాలాచోట్ల మసీదుల గుంబజ్‌లు తీసేస్తున్నారని, అరబీ బోర్డులు తొలగిస్తున్నారని వార్తలు చదివాను, మీ దగ్గర ఎలా ఉందని. ఆయన జవాబివ్వలేదు. ముక్కలు ఇంకాస్త చిన్నగా తుంచాడు. కాసేపటికి, "మా మసీదుకు గుంబజ్ ఎప్పుడూ లేదు కదా" అన్నాడు. జర్నలిస్టుగా ఇరవై ఏళ్లలో నేను విన్న జవాబుల్లో అది బరువైనది.

మధ్యాహ్నం ఇంకో పాత మసీదు చూపించాడు, దాష్యుయెషీ గల్లీలోది. చైనా నౌకాదళ అధిపతి జెంగ్ హే 1413లో ఇక్కడికి వచ్చి, తన సముద్ర సఫర్‌కు తర్జుమాన్‌గా ఈ మసీదు ఇమామ్ హసన్‌ను వెంట తీసుకెళ్లాడని ఇక్కడి శాసనంలో ఉంది. జెంగ్ హే యున్నాన్ ముసల్మాన్. పుట్టినప్పటి పేరు మా హే. 1405 నుంచి 1433 దాకా ఏడు సఫర్లు చేశాడు, మన కాలికట్ రేవుకూ వచ్చాడు. ఆయన వెంట వచ్చి కాలికట్, కొచ్చిన్‌ల గురించి పుస్తకం రాసిన మా హువాన్ కూడా ముసల్మానే. 'మా' అనే ఇంటిపేరు హుయీల్లో చాలా ఎక్కువ. ముహమ్మద్ పేరు నుంచి వచ్చిందంటారు. తెలుగులో 'మా' అంటే మనవాళ్లు అని చెబితే దోస్త్ మురిసిపోయాడు.

జబాన్ విషయంలోనూ వాళ్ల కథ మన కథే. చైనీస్ మాటల్ని అరబీ అక్షరాల్లో రాసే షియావోఅర్‌జింగ్ అనే లిపి మదరసాల్లో ఉండేది. 1700 ప్రాంతంలో లియు జీ వంటి ఆలిమ్‌లు కన్ఫ్యూషియస్ మాటల్లోనే ఇస్లాంను వివరిస్తూ చైనీస్‌లో కితాబులు రాశారు. 1927లో పూర్తి ఖురాన్‌ను చైనీస్‌లో మొదట అచ్చు వేసిన లీ తియెజెంగ్ ముసల్మాన్ కాడు. జపనీస్ తర్జుమా నుంచి చేశాడు. తెలుగులో ఖురాన్‌కు తొలి తర్జుమా చేసింది చిలుకూరి నారాయణరావు అని చెప్పగానే దోస్త్ నా చేయి పట్టుకున్నాడు.

ఆ తారీఖ్‌లో రక్తమూ ఉంది. 1862లో షాన్‌షీ ప్రాంతంలో హుయీల బగావత్ మొదలైంది. పదేళ్లకు పైగా సాగిన కత్లేఆమ్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. షియాన్ కోట గోడల లోపలి వాళ్లు మాత్రం మిగిలారు. బయటివాళ్లలో కొందరు 1877–78 చలికాలంలో మంచు కొండలు దాటి రష్యా వైపు వెళ్లారు. వాళ్ల ఔలాద్‌ను దుంగాన్లు అంటారు. కిర్గిజిస్తాన్, కజాక్‌స్తాన్‌లలో ఈనాటికీ పాత చైనా యాసే మాట్లాడతారు. 1966 తర్వాత పదేళ్లు సాంస్కృతిక విప్లవం పేరుతో దేశమంతటా మసీదులు మూతపడ్డాయి. ఆ రోజుల్లో దాదీ తనకు సూరాలు గుసగుసగా నేర్పిందని దోస్త్ చెప్పాడు.

సాయంత్రం వేడి వేడి పర్సిమన్ పండు అప్పాలు తింటూ 652 నాటి బౌద్ధ గోపురం దగ్గరికి వెళ్లాం. హ్యూయెన్‌త్సాంగ్ హిందుస్తాన్ నుంచి తెచ్చిన గ్రంథాలు భద్రపరచడానికి కట్టింది. ఆయన 640 ప్రాంతంలో మన కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. ఒక బౌద్ధ భిక్షువు మా జిల్లా నేల మీద చదువుకుని ఈ ఊరికి వచ్చాడు, ఒక ముసల్మాన్ అదే నేల నుంచి వచ్చి ఆయన గోపురం ముందు నిలబడ్డాడు.

"మీరు అసలు ఎక్కడివాళ్లు?" అని తనను ఇప్పటికీ అడుగుతారని దోస్త్ చెప్పాడు. తెలుగులో డిగ్రీ చేసిన నన్ను "అరె, మీరు తెలుగు భలే మాట్లాడతారే" అని మెచ్చుకునేవాళ్లు నాకూ ఉన్నారు. షియాన్ మసీదు చూరును ఎవరూ హుకుం ఇచ్చి వంచలేదు. అక్కడి వడ్రంగులు తమకు తెలిసిన పద్ధతిలో అల్లాహ్ ఇల్లు కట్టారు. ప్రేమతో కట్టుకున్న చూరుకూ, పైవాడి హుకుంతో తీసేసిన గుంబజ్‌కూ ఉన్న ఫర్క్ మన పిల్లలకు చెప్పాలి. వతన్ మీద హఖ్ సాబిత్ చేసుకోవడానికి ఎవరూ తమ దస్తర్‌ఖాన్‌నూ తమ దువానూ దాచుకోనక్కర్లేదు.