ఏరిన పాట, కట్టిన పాట

స్కాట్లండ్‌లో హేమిష్ హెండర్సన్ (1919–2002) పేరు రెండు విధాలుగా వినిపిస్తుంది. జానపద గేయాలు సేకరించిన పండితుడిగా ఒకసారి, సభలకూ ఊరేగింపులకూ పాటలు కట్టిన సోషలిస్టుగా మరోసారి. నిజానికి ఈ రెండూ ఒకే పని. జనం పాట ఎలా బతుకుతుందో వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు గనకే ఆయన కట్టిన పాటలు సభ ముగిశాక కూడా బతికాయి.

ఆ చదువు యుద్ధరంగంలోనే మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా, ఇటలీలలో పనిచేస్తూ సైనికులు పాడుకునే పాటలను ఆయన సేకరించారు. 51వ హైలాండ్ డివిజన్ సిసిలీకి వీడ్కోలు చెప్పే పాటను బ్యాగ్‌పైప్ వాయించేవాళ్లకు అప్పటికే తెలిసిన వరసలో కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించి జైలుకెళ్లిన బడిపంతులు జాన్ మెక్లీన్ చనిపోయి పాతికేళ్లయిన సందర్భంగా 1948లో గ్లాస్గోలో సభ జరిగితే, దానికి కవాతు పాట రాశారు. 1951లో అమెరికన్ సేకర్త అలన్ లోమాక్స్‌తో కలిసి ఊళ్లు తిరిగారు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో అదే ఏడు మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్‌కు ఆయనే ఆయువుపట్టు. 1953లో అబర్డీన్‌లో జానపద గాయని జీనీ రాబర్ట్‌సన్ పాట విన్నారు. ఆ తర్వాత బ్లెయిర్‌గౌరీ తోటల్లో పళ్లు కోసే సంచార కుటుంబాల మధ్య టేప్ రికార్డర్‌తో కూర్చున్నారు. చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూసిన ఈ మనుషుల దగ్గరే శతాబ్దాల నాటి కథాగేయాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. తెలిసిన వరసలో, మాట్లాడే భాషలో, పాడేవాడు తనదనుకునేలా ఉన్న పాటే తరాలు దాటుతుందని ఆ టేపులు రుజువు చేశాయి. 1960లో అణ్వాయుధ వ్యతిరేక ఊరేగింపుల కోసం కట్టిన ‘ఫ్రీడమ్ కమ్ ఆల్ యీ’ ఈ సూత్రానికి నిండైన ఉదాహరణ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనిక కవాతు బాణీని తీసుకుని, సామ్రాజ్యం కోసం స్కాట్‌లు ఇక ఆయుధం పట్టరనే మాటను అందులో నింపారు.

దీనికి గట్టి అభ్యంతరమే వచ్చింది. జానపద గేయం గతించిన కాలానిదనీ, విప్లవానికి ఉన్నత కవిత్వం కావాలనీ మహాకవి హ్యూ మెక్‌డయర్మిడ్ ‘ద స్కాట్స్‌మన్’ పత్రికలో 1964లో ఆయనతో తలపడ్డారు. కానీ కవిత్వానికి హెండర్సన్ పరాయివారు కాదు. ఎడారి యుద్ధ మృతులపై రాసిన ఎలిజీలకు సోమర్‌సెట్ మామ్ అవార్డు అందుకున్నారు, ఇటలీ మార్క్సిస్టు గ్రాంశీ జైలు లేఖలను అనువదించారు. చేతకాక పాట వైపు వచ్చిన మనిషి కాదాయన. కవిత్వం జనంలో కలవాలని తెలిసి తెలిసి ఎంచుకున్న దారి అది.

పాటలు ఏం సాధించాయన్నది రెండో ప్రశ్న. ఆ అణ్వాయుధ వ్యతిరేక ఊరేగింపులు ఎదిరించిన అమెరికా జలాంతర్గాముల స్థావరం స్కాట్లండ్‌లోని హోలీ లోక్ నుంచి 1992 దాకా కదల్లేదన్నది నిజం. జలాంతర్గామిని పాట తరిమేయలేదు. కానీ ఎదిరించేవాళ్లను ఒకచోట చేర్చి, ఎందుకు ఎదిరించామో తర్వాతి తరానికి చెప్పగలదు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల ఆరంభోత్సవంలో కేప్‌టౌన్ బస్తీల్లో పెరిగిన పుమేజా మత్షికీజా ‘ఫ్రీడమ్ కమ్ ఆల్ యీ’నే పాడారు. అదే కేప్‌టౌన్‌లోని న్యాంగా బస్తీ పేరు ఆ పాటలో ఉంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కూలింది, ఊరేగింపుల నాటి నాయకులు వెళ్లిపోయారు, పాట మాత్రం తనను సొంతం చేసుకునే కొత్త గొంతును వెతుక్కుంది. రాజకీయ గీతం విజయానికి ఇంతకన్నా నమ్మదగిన కొలత లేదు.