పాత్రధారణక్రీడలలో వస్తువివరణములు

పాత్రధారణక్రీడ యనఁగా, ఆడువాఁడు తానొక కల్పితపాత్రమును ధరించి, కల్పితదేశమున సంచరించుచు, తన నిర్ణయములచేతఁ గథను నడపించు క్రీడ. అద్భుతకథాప్రధానములగు నిట్టి క్రీడలలో కత్తి, ఉంగరము, కిరీటము మొదలగు వస్తువులకుఁ జిన్నచిన్న వివరణములును, పెట్టెలలోను గ్రంథాలయములలోను దొరకు కల్పితగ్రంథములును గలవు. వీనిని జదువకయే క్రీడను ముగింపవచ్చును. కావున నివి కేవలాలంకారములని కొందఱు తలంతురు. వీని చరిత్రమును బరిశీలించినచో నా యభిప్రాయము నిలువదు.

అమెరికాయందు గ్యారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసను అను నిరువురు రచించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అను క్రీడ 1974లో వెలువడెను. పాచికలు, కాగితము, సంభాషణము దాని సాధనములు. 1976లోఁ బ్రకటింపఁబడిన ఎల్డ్రిచ్ విజార్డ్రీ అను ననుబంధగ్రంథమున వెక్నా అను మాంత్రికుని చేయియు, కన్నును వర్ణింపఁబడినవి. జాక్ వాన్సు అను కథారచయిత పేరులోని యాంగ్లాక్షరములను దాఱుమాఱు చేయఁగా వెక్నా అను పేరేర్పడినది. అప్పటికి వెక్నా క్రీడలోఁ బాత్రము కాఁడు. నశించిన వాని యవశేషములు మాత్రమే కలవు. వానిని వాడఁదలఁచినవాఁడు తన చేతిని నఱకుకొని, తన కంటిని బెఱుకుకొని, యా స్థానమున వానిని దగిలించుకొనవలెను. ఇంతమాత్రపు వర్ణనమే యాడువారి మనస్సులలో నాటుకొనెను. 14 సంవత్సరములు గడచిన పిమ్మట, 1990లో, వెక్నా స్వయముగఁ బ్రతినాయకుఁడై యొక సాహసకథయందుఁ బ్రవేశించెను. ఇచ్చట వస్తువు ముందు పుట్టినది. దాని వివరణమునుండి వ్యక్తి పుట్టినాఁడు.

కంప్యూటరు క్రీడల తొలినాళ్లలో యంత్రమున నక్షరములకుఁ జోటు చాలకుండెను. అందుచేత 1979లో వెలువడిన టెంపుల్ ఆఫ్ అప్షాయ్ అను క్రీడయందు గదులకును నిధులకును సంఖ్యలు మాత్రమే తెరమీఁదఁ గనఁబడుచుండెను. వాని వర్ణనము లచ్చుపుస్తకమున నుండెను. ఆడువాఁడు సంఖ్యను జూచి పుస్తకమును దెఱచి చదువుకొనవలెను. 1988 నాఁటి పూల్ ఆఫ్ రేడియన్స్ అను క్రీడయు నీ పద్ధతినే యవలంబించెను. అయితే దానితోడి పుస్తకమున నసత్యములగు వృత్తాంతములును గలిపిరి. ముందుగనే పుటలు త్రిప్పి రహస్యములను దెలిసికొనఁజూచినవాఁడు మోసపోవును. వ్రాఁతలో నున్నదెల్ల నిజము కాదను పాఠ మిట్లు క్రీడలలోనికి వచ్చినది. చోటు లేమివలన నేర్పడిన యాచారము విమర్శబుద్ధికిఁ గారణమయ్యెను.

ఈ బుద్ధి ఎల్డర్ స్క్రోల్స్ అను క్రీడాపరంపరయందు మిగులఁ బెంపొందినది. 1996 నాఁటి డాగర్‌ఫాల్ క్రీడలోనే తెరమీఁదఁ జదువఁదగిన గ్రంథములుండెను. 2002లో వెలువడిన మారోవిండ్ అను క్రీడలో నెరెవర్ అను ప్రాచీనవీరుని మరణమే ప్రధానవివాదము. యుద్ధమునఁ దగిలిన గాయములవలన నాతఁడు మరణించెనని దేవాలయాధికారుల గ్రంథములు చెప్పును. ఆతని సహచరులే యాతనిని జంపి, పిమ్మట దేవతలైరని సంచారజాతులవారి సంప్రదాయము చెప్పును. ఆడువాఁడు నెరెవరుయొక్క పునర్జన్మముగా నెన్నఁబడువాఁడు. కావున నిది తన మరణమును గూర్చి తానే చేయవలసిన విచారణ. నిందితులలో నొకఁడు క్రీడయందు సజీవుఁడై యుండి యా నేరము నొల్లఁడు. క్రీడ తీర్పు చెప్పదు. ఏ గ్రంథము నెవరు వ్రాసిరి, వారి కందు లాభమేమి యని పరిశీలించి యాడువాఁడే నిశ్చయింపవలెను.

జపానుదేశపు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2011లోఁ బ్రకటించిన డార్క్ సోల్స్ అను క్రీడ వేఱొక మార్గమును ద్రొక్కెను. అందుఁ బెద్దగ్రంథములు లేవు. కథలో నధికభాగము వస్తువుల క్రిందఁగల రెండుమూఁడు వాక్యములలో నిమిడియున్నది. దీని నిర్దేశకుఁడగు హిదెటాకా మియాజాకి బాల్యమునఁ దనకుఁ బూర్తిగ నర్థముకాని యాంగ్లకథలను జదువుచు, విడిపోయిన భాగములను దానే యూహించుకొనెడివాఁడు. ఆ యనుభవమే తన క్రీడలకు మూలమని యాతఁడు చెప్పియున్నాఁడు. ఈ క్రీడలోని యొక యుంగరపు వివరణమువలన గ్విన్ అను సూర్యప్రభువు ప్రథమపుత్రుఁడు యుద్ధదేవత యనియు, తన యవివేకముచే దైవత్వమును గోల్పోయెననియు, నాతని పేరైన మిగులలేదనియుఁ దెలియుచున్నది. వేఱొకచోట సూర్యకాంతివేదికపై నొక విగ్రహము భగ్నమై యున్నది. ఈ రెంటిని గలిపి చదివినవారు, ఆ విగ్రహ మాతనిదే కావచ్చునని యూహించిరి. ఆతఁ డెవఁడను ప్రశ్నపై నైదేండ్లు వాదములు జరిగెను. 2016లో వెలువడిన మూఁడవ భాగమున, డ్రాగనులను సంహరించు యుద్ధదేవతయై యుండి పిదప సర్వమును విడిచి వానితోనే మైత్రి చేసిన నామరహితుఁడగు రాజు కానవచ్చెను. అప్పటికిని వాని పేరు చెప్పఁబడలేదు. చెఱిపివేయఁబడిన పేరు చెఱిపివేయఁబడినట్లే యుండుట యా కల్పనకు గౌరవము.

పైయుదాహరణములవలన వివరణము లెప్పుడు ఫలించునో తెలియుచున్నది. వెక్నా చేతివలె వస్తువును వాడువానికి దాని చరిత్రము తగులవలెను. మారోవిండ్ గ్రంథములవలె, చెప్పువాఁ డెవఁడో తెలిసి, వానిని శంకింప వీలుండవలెను. గ్విన్ కుమారుని యుంగరమువలె కొంత చెప్పి కొంత విడువవలెను. ఈ గుణములు లేని వివరణములు వేలకొలఁది యున్నను చదువువాని శ్రమను మాత్రమే పెంచును. విఱిగిన శాసనమునందలి శేషాక్షరములను గూర్చుకొని వంశావళిని నిర్ణయించు పరిశోధకుని కీ పద్ధతి క్రొత్తది కాదు. భేదమొక్కటియే: శాసనమును గాలము ఖండించినది, ఇచ్చట ఖండనమును రచయితయే బుద్ధిపూర్వకముగఁ జేసినాఁడు. పూరించు భారము మాత్రము రెండుచోట్లను జదువరిదే.