ఎనిమిది గణములు, ఒక సిగ్నలు

విజయనగరము జంక్షనులో రెండు రైలుదారులు కలియును. ఒకటి హౌరానుండి చెన్నైకి పోవు తీరపు దారి. రెండవది పార్వతీపురము, రాయగడల మీదుగా రాయపూరునకు పోవునది. ఇది 1931లో పూర్తి యైనది. ఇట్టి స్టేషనులోనికి ఒక బండిని రానిచ్చుటకు ముందు మూడు ప్రశ్నలకు సమాధానము కావలయును. పాయింట్లు సరియైన లైనునకు అమరి యున్నవా? ఆ లైను ఖాళీగా నున్నదా? ఎదుటినుండి వచ్చు బండిని ఆపు సిగ్నలు వేసియున్నదా? నిజమునకు ప్రశ్నలు ఇంకను పెక్కు. విషయము తేటపడుటకై మూడింటినే తీసికొందము.

ఒక్కొక్క ప్రశ్నకు అవును, కాదు అని రెండే జవాబులు. మూడింటిని కలిపినచో ఎనిమిది విధము లేర్పడును. ఈ ఎనిమిదింటిని వరుసగా వ్రాసి, ప్రతి వరుస చివర ‘సిగ్నలు ఇయ్యవచ్చును’, ‘ఇయ్యరాదు’ అని తీర్పు వ్రాసినచో దానిని సత్యపట్టిక యందురు. లెక్కలు కట్టు చిన్నయంత్రము మొదలు కంప్యూటరు వరకు గల డిజిటల్ సాధనముల సర్క్యూట్లను పరిశీలించుటకును, కొత్తవానిని కల్పించుటకును ఈ పట్టికయే తొలిమెట్టు.

మూడు స్థానములు, ఎనిమిది వరుసలు అనగానే పద్యవిద్య నెరిగిన శ్రోతలకు వేరొక పట్టిక స్ఫురింపక మానదు. 1860లో విజయనగరమున నెలకొల్పబడిన సంస్కృత కళాశాలలో నేమి, పల్లెటూరి వీధి అరుగుమీద నేమి, ఛందస్సు చదివిన ప్రతి విద్యార్థియు దానిని వల్లె వేసినవాడే. మూడేసి అక్షరములు, ప్రతి యక్షరము గురువో లఘువో, కావున ఎనిమిదే గణములు. వీనిని రాబట్టు పద్ధతికి ప్రస్తారమని పేరు. పింగళుని ఛందస్సూత్రములలో దీని మూలము కలదు. కేదారభట్టు వృత్తరత్నాకరమున దానిని విశదముగా చెప్పెను.

పద్ధతి మిక్కిలి సులభము. మొదట మూడు గురువులు వ్రాయుడు; అది మగణము. పై వరుసలో ఎడమనుండి మొదట కనబడు గురువు క్రింద లఘువు నుంచుడు. దాని కుడివైపున పై వరుసలో నున్నట్లే వ్రాయుడు. ఎడమవైపున గురువులతో నింపుడు. ఇట్లు చేయగా మ, య, ర, స, త, జ, భ, న గణములు వరుసగా వచ్చును. మూడును లఘువులైన నగణముతో పట్టిక ముగియును. ఒక్క వరుసయు తప్పిపోదు. ఒక్కటియు రెండుమారులు రాదు. తోచిన క్రమమున వ్రాసినవాడు ఏదో ఒకటి మరచును. మరచిన ఆ వరుసలోనే ప్రమాదము పొంచియుండును.

ఇంతమాత్రమున మన పూర్వులు కంప్యూటరు నెరిగిరని చెప్పుట అతిశయోక్తి. ప్రస్తారము విధములను లెక్కించునే గాని తీర్పు చెప్పదు. తీర్పు గడి గల పట్టికకై మనము తర్కశాస్త్రమును ఆశ్రయింపవలయును. బౌద్ధతార్కికుడు దిఙ్నాగుడు ఆంధ్రదేశపు రాజధాని సమీపమున ఒక కొండపై హేతువిద్యా గ్రంథమును రచించెనని 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు వ్రాసెను. ఆయన హేతుచక్రమున తొమ్మిది గడులు కలవు. సాధింపదలచిన గుణము గల యితర తావులలో హేతువు అన్నిటను, కొన్నిట, ఎచ్చటను లేక ఉండవచ్చును. ఆ గుణము లేని తావులలోను అట్లే. మూడు మూళ్లు తొమ్మిది. వీనిలో రెండు మాత్రమే సద్ధేతువులని ఆయన నిర్ణయించెను. పొగను చూచి నిప్పు కలదనుట చెల్లునది ఇందుచేతనే: నిప్పు లేని చోట పొగ ఎచ్చటను కానరాదు.

పాశ్చాత్యదేశములలో ఈ విద్య వేరుదారిన పెరిగినది. ఇంగ్లండు దేశీయుడు జార్జి బూలు 1854లో తర్కమును బీజగణితముగా మార్చెను. 1921లో పోస్టు, విట్‌గెన్‌స్టైను అను ఇరువురు సత్యపట్టికను వేర్వేరుగా ప్రకటించిరి. 1937లో అమెరికా విద్యార్థి క్లాడ్ షానను తన సిద్ధాంతవ్యాసమున ఈ తర్కము విద్యుత్తు మీటలకు చక్కగా అన్వయించునని నిరూపించెను. రెండు మీటలను ఒకదానివెంట ఒకటి కలిపినచో రెండును మూసినప్పుడే కరెంటు పారును. ప్రక్కప్రక్కన కలిపినచో ఏ యొక్కటి మూసినను పారును.

మేడమెట్ల దీపము నిందుకు ఉదాహరణముగా గైకొనవచ్చును. క్రింద నొక స్విచ్చి, పైన నొకటి. ఏది నొక్కినను దీపము స్థితి మారవలయును. రెండు స్విచ్చిలకు నాలుగు వరుసలు. గురులఘువులు వేరుగా నున్న రెండు వరుసలకు ‘వెలుగును’ అని, సమానముగా నున్న రెంటికి ‘వెలుగదు’ అని వ్రాయుడు. వెలుగు వరుస లెన్నియో కరెంటునకు అన్ని దారులు. పట్టిక ముందు, తీగలు తరువాత: ఇదియే సర్క్యూటు కల్పనలోని కీలకము.

మరల మన స్టేషనునకు వత్తము. అవును అనునది గురువు, కాదు అనునది లఘువు అనుకొన్నచో మగణము వచ్చిననే సిగ్నలు ఇయ్యవలయును. తక్కిన ఏడింటను కూడదు. రైలు సిగ్నలింగులో రిలే అను విద్యుదయస్కాంతపు మీటలు ఈ తీర్పును చెప్పును. ఇట్టి విద్యను నేర్పుటకు 1957లో సికింద్రాబాదున రైల్వేవారు ప్రత్యేక శిక్షణసంస్థను స్థాపించిరి. రిలేలో గురువునకు కరెంటు కావలయును. తీగ తెగినను, కరెంటు పోయినను అది లఘువగును, బండి ఆగును. తెలియనిచోట ‘కాదు’ అనుటయే క్షేమమని ఈ యేర్పాటు చెప్పుచున్నది.

అయినను పట్టిక తన్నడిగిన ప్రశ్నలకే జవాబు చెప్పును. 2023 అక్టోబరు 29న విజయనగరము జిల్లాలో కంటకాపల్లి సమీపమున ఒక పాసెంజరు బండి మరొకదానిని వెనుకనుండి ఢీకొనగా పదిమందికి మించి మరణించిరి. దాని కారణవిచారణ ఈ ప్రసంగమునకు వెలుపలిది. కాని రైలెక్కిన ప్రతివాని ప్రాణమును ఇట్టి అవును, కాదులపై నిలిచియున్నదని ఆ దినము మన ప్రాంతమునకు తెలిసివచ్చినది. సిగ్నలు చెడిపోలేదా యను నాలుగవ ప్రశ్నను చేర్చినచో వరుసలు పదునా రగును, అయిదవదానితో ముప్పదిరెండు. శ్రమ ఇనుమడించునని ప్రశ్నను విడువరాదు. నగణము వరకు ఓపికతో వ్రాసిన ఆ వీధి అరుగు విద్యార్థి మనకు నేర్పునది ఇదియే.